ప్రమోషన్ రాలేదని గుండె పట్టేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. ఉండేది మహబూబ్‌నగర్‌లో. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో 11 ఏళ్లుగా సీనియర్ కెమిస్ట్‌గానే ఉన్నాను. నేను పని నేర్పిన ఇద్దరు ఇప్పుడు నాకే బాసులు. మేనేజర్ వెనకాల తిరిగేవాళ్లకే పోస్టులు. నన్ను మాత్రం ప్రతి ఏప్రిల్‌లో ‘వచ్చేసారి నీదే’ అంటారు. ఆరు నెలలుగా పొద్దున కంపెనీ బస్సు ఎక్కగానే ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఆదివారాలు ఏమీ ఉండదు. గ్యాస్ మాత్రలు మింగుతున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర రాదు. తెలిసిన మెడికల్ షాపతను నిద్రమాత్ర ఇస్తే రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. శనివారం రెండు పెగ్గులు తాగితే కాస్త నయం. ఇది గుండె జబ్బా, టెన్షనా? ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా?

జవాబు: ముందు గుండె సంగతి తేల్చుకుందాం. ఆదివారం రాని నొప్పి, బస్సులో కూర్చోగానే వచ్చే నొప్పి టెన్షన్‌దే కావచ్చు. అయితే ఉత్తరం చదివి ‘మీ గుండె బాగుంది’ అని చెప్పే డాక్టర్‌ను నమ్మకండి, అది నేనైనా సరే. ఈ వారంలోనే ఈసీజీ తీయించుకోండి. అది నార్మల్ వచ్చినంత మాత్రాన సరిపోదు. డాక్టర్ చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. వాటితో పాటు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. మెట్లెక్కితే నొప్పి వస్తున్నా, ఎడమచేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పడుతున్నా ఇంకో గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

బీపీ ఇంట్లోనే చూసుకోండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, చాయ్ తాగిన అరగంట తర్వాత చూడాలి. పొద్దున, సాయంత్రం వారం పాటు రాసి పెట్టండి. ఇంట్లో సగటున 135/85 దాటితే దాన్ని పట్టించుకోవాల్సిందే.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఛాతీ నొప్పి కాదు, ఆ నిద్రమాత్ర. పేరు రాయలేదు గానీ, షాపుల్లో ఇలా చేతికి వచ్చేది ఎక్కువగా ఆల్ప్రజోలం జాతిదే. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒంటికి అలవాటవుతుంది. అలాగని రేపే ఆపేయకండి. రెండు నెలలు వాడిన తర్వాత ఒక్కసారిగా ఆపితే వణుకు, భయం, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి. మాత్ర వేసుకున్న రోజు మందు ముట్టవద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. పెగ్గు నిద్ర పట్టిస్తుంది నిజమే, తెల్లవారుజామున లేపేది కూడా అదే.

ఇక ఆఫీసు సంగతి. పని ఎక్కువైందని మీరు ఎక్కడా రాయలేదు. ఆడిట్లు, నైట్ షిఫ్టులు, ఓఓఎస్‌లు (పరీక్షలో పరిమితి దాటిన ఫలితాలు) వీటి మీద ఒక్క మాట లేదు. రాసిందల్లా ‘వచ్చేసారి నీదే’ అన్న మాట గురించే. నాకు అర్థమైనంతవరకు మీ ఒంటిని తినేస్తోంది ఆ ఎదురుచూపే. రాదని తెలిస్తే మనిషి నాలుగు రోజులు బాధపడి దారి మార్చుకుంటాడు. వస్తుందో రాదో తెలియకపోతే మాత్రం ఒళ్లు ఏడాది పొడవునా కాపలా కాస్తూనే ఉంటుంది. మూడింటి మెలకువకు కారణం కూడా ఆ కాపలానే అనుకుంటున్నాను.

బాసులకే టెన్షన్ ఎక్కువ అనే మాట మనలో ఉంది. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో మాత్రం గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు పై గ్రేడుల్లో కన్నా కింది గ్రేడుల్లోనే ఎక్కువ. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. చాకిరీకి తగ్గ జీతం, గౌరవం, ఎదుగుదల దొరకకపోతే గుండెకు చేటని జర్మనీలో పనిచేసిన శాస్త్రవేత్త యోహానెస్ జీగ్రిస్ట్ 1996లో ఒక సిద్ధాంతమే రాశాడు. కాబట్టి ‘ఇదంతా నీ మనసులోనే’ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

నాకూ ఇది తెలియనిది కాదు. ఒకప్పుడు పనిచేసిన ఆస్పత్రిలో నాకు రావాల్సిన పోస్టు మూడేళ్లు వాయిదా పడింది. రోగులకు బీపీ చూసే మిషన్‌తోనే నాది చూసుకుంటే 150/96. ఉప్పు తగ్గించాను, నడిచాను, పెద్దగా మారలేదు. ఒకరోజు సూపరింటెండెంట్ గదిలోకి వెళ్లి సూటిగా అడిగాను. ‘నీకు ఇచ్చే ఉద్దేశం లేదయ్యా’ అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టిందంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మీ ల్యాబ్‌లో రాయని పని చేయనట్టే లెక్క కదా. ప్రమోషన్‌కూ అదే సూత్రం. ఎన్ని ఆడిట్లలో నిలబడ్డారు, ఏ మెథడ్లు వ్యాలిడేట్ చేశారు, ఎంతమందికి పని నేర్పారు, అన్నీ ఒక పేజీలో రాయండి. ఏప్రిల్ దాకా ఆగకుండా ఇప్పుడే మేనేజర్‌ను పది నిమిషాలు అడిగి తీసుకోండి. ‘నాకెందుకు ఇవ్వలేదు’ అంటే గొడవ మొదలవుతుంది. ‘ఈ పోస్టుకు నాలో ఏం తక్కువైంది, ఎప్పటిలోగా చూపించాలి’ అని అడగండి. ఆయన చెప్పింది ఆ సాయంత్రమే రెండు లైన్ల మెయిల్‌గా పంపండి. జవాబు వస్తే మంచిది. రాకపోతే మీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

మీరు పని నేర్పిన ఆ ఇద్దరినీ శత్రువుల లెక్కలో వేయకండి. మీ పని ఏమిటో ఆ కంపెనీలో అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు వాళ్లే, అడిగితే ఒక మాట చెప్పగలరు. క్యాంటీన్‌లో చాయ్ దగ్గర మేనేజర్‌ను తిట్టుకోవడం మాత్రం తగ్గించండి. పది నిమిషాలు హాయిగా ఉంటుంది, సాయంత్రానికి ఆ మాటలు మేనేజర్ చెవిలో పడతాయి, రాత్రి మూడింటికి మీకు గుర్తొస్తాయి.

మానేయడం గురించి ఇప్పుడే నిర్ణయం వద్దు. నిద్ర లేని మనిషికి ప్రతి తలుపూ మూసినట్టే కనిపిస్తుంది. నిద్ర కుదుటపడ్డాక షాద్‌నగర్ వైపో పాశమైలారం వైపో ఇంటర్వ్యూలకు వెళ్లి రండి. చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ ఉంటే ఇదే కంపెనీలో మీరు మాట్లాడే తీరు మారుతుంది.

ఏమీ బాగుండదనో, బతకడం దండగనో అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

రెండు వారాల తర్వాత బీపీ రాసిన కాగితం, మింగుతున్న మాత్రల పట్టీలన్నీ పట్టుకుని మీ దగ్గర్లోని డాక్టర్‌ను కలవండి. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. గురకలో మధ్యమధ్య ఊపిరి ఆగుతోందా అని డాక్టర్ అడుగుతారు, దానికి మీ దగ్గర జవాబుండదు.