పోస్టర్లు దాటి ప్రణాళిక దాకా: తొమ్మిదో తరగతికి ఒక పద్ధతి

మాస్టారూ, వాతావరణ మార్పును తట్టుకొనే నగర ప్రణాళిక వేయమంటే మీ తొమ్మిదో తరగతి పిల్లలు చెట్లు నాటుదామన్న పోస్టర్లతోనే సరిపెడుతున్నారని రాశారు. ప్రశ్న మరీ పెద్దది కావడమే అందుకు కారణమని నా అభిప్రాయం. హైదరాబాదును పక్కనపెట్టి, బడి చుట్టూ ఉన్న నాలుగు వీధులనే ఇవ్వండి. పెద్ద వాన వెలిసిన మర్నాడు వారిని వెంటబెట్టుకొని వెళ్లి, ప్రహరీగోడ మీద బురద చార ఎంత ఎత్తున మిగిలిందో టేపుతో కొలిపించి, వాననీరు పోయే నాలా ఎక్కడ ఇరుకైందో, ఆ నీరు ఏ చెరువుకు చేరవలసి ఉందో పటంలో గీయించండి (నాలా అంచుకు మాత్రం పోనివ్వకండి). 1908 మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టినా, 2020 అక్టోబరులో కాలనీలెందుకు మునిగాయో అప్పుడు అడిగితే, జలాశయాలకు దిగువన కురిసిన వానను అవి ఆపలేవన్న సంగతి నగర పటం చూసి వాళ్లే చెబుతారు. చివరగా, మంచం దిగలేని ముసలివాళ్లున్న ఇళ్లను గుర్తించి, వారిని ఎవరు, ఏ దారిన, ఎక్కడికి చేర్చాలో రాయించండి. మార్కులు దానికే వేయండి.