ఫోన్‌లో 180, ల్యాప్‌టాప్‌లో 35: వైఫై స్పీడ్ ఎక్కడ పోతోంది?

200 ఎంబీపీఎస్ ప్లాన్, ఒకే గది, ఒకే వైఫై. ఫోన్‌కి 180 వస్తోంది, ల్యాప్‌టాప్‌కి 35 దాటట్లేదు. మీరు రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశారు, డ్రైవర్ (వైఫై కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ ఎక్కించారు, అయినా మార్పు లేదు. అలాంటప్పుడు నెట్ వాళ్లకి ఫోన్ చేసి లాభం లేదు. రూటర్ దాకా స్పీడ్ వస్తోందని మీ ఫోనే చెబుతోంది. తేడా రూటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్యనో, ల్యాప్‌టాప్ లోపలో ఉంది.

ఏదీ మార్చకముందే ఒక అంకె చూడండి. విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆపైన మీ వైఫై పేరుతో ఉన్న ప్రాపర్టీస్ తెరిచి కిందికి జరపండి. లింక్ స్పీడ్, ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్ అని కనిపిస్తాయి. లింక్ స్పీడ్ అంటే ఇంటర్నెట్ స్పీడ్ కాదు, ల్యాప్‌టాప్‌కీ రూటర్‌కీ మధ్య గాలిలో కుదిరిన వేగం. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, అందిందని ప్రతిసారీ బదులు చెప్పాలి. అందుకే డౌన్‌లోడ్‌లో చేతికొచ్చేది సాధారణంగా ఆ అంకెలో సగం నుంచి అరవై శాతం.

అక్కడ 72 అని ఉంటే మీ 35 ఎక్కడిదో తేలిపోయినట్టే. రూటర్లు మామూలుగా రెండు రేడియో బ్యాండ్ల మీద పనిచేస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 మీద, ఒకే యాంటెన్నాతో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానల్‌లో, వైఫై 4 అనే పాత తరం వైఫైలో వచ్చే గరిష్ఠం అది. రెండు యాంటెన్నాలుంటే 144 ఉంటుంది. సరిగ్గా 54 ఉంటే కథ వేరు. రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్‌లో టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉండి ఉంటుంది, అది ఉంటే వైఫై 4 వేగాలు పనిచేయవు. ఆ సెట్టింగ్‌ని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కి మార్చండి. 433, 866, 1201 లాంటివి కనిపిస్తే మీరు 5 గిగాహెర్ట్జ్ మీదే ఉన్నారు, కారణం వేరేచోట వెతకాలి.

మీది 72 అనే నా అంచనా. ఫోన్‌కి 180 వస్తోందంటే అది 5 గిగాహెర్ట్జ్ పట్టుకుందని దాదాపు ఖాయం. రెండు బ్యాండ్లకీ రూటర్‌లో ఒకే పేరు ఉంటే ఏది పట్టుకోవాలో ల్యాప్‌టాప్ తానే తేల్చుకుంటుంది. 2.4 గోడలు దాటి బలంగా అందుతుంది కాబట్టి చాలాసార్లు దానికే అతుక్కుంటుంది. రూటర్ వెనక స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌తో, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, లాగిన్ అయి రెండు బ్యాండ్లనీ ఒకే పేరు కింద కలిపే స్మార్ట్ కనెక్ట్ లేదా బ్యాండ్ స్టీరింగ్ ఆపేసి, 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో పాత పేరుని ఫర్‌గెట్ చేసి కొత్తదానికి కలపండి. (రూటర్ పేరు చివర కనిపించే 5జీకీ, మొబైల్ 5జీకీ సంబంధం లేదు.)

కొత్త పేరు ఫోన్‌లో కనిపించి ల్యాప్‌టాప్‌లో కనిపించకపోతే ముందు రూటర్ సెట్టింగ్స్‌లో ఛానల్ (బ్యాండ్‌లో రూటర్ వాడే భాగం) చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు, కొన్ని ల్యాప్‌టాప్ కార్డులు వాటిని పట్టుకోవు. 36 గానీ 149 గానీ పెట్టి మళ్లీ వెతకండి. అప్పటికీ రాకపోతే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు మోడల్ పేరు చూసి నెట్‌లో వెతకండి. చవక ల్యాప్‌టాప్‌లలో 2.4 మాత్రమే పట్టే కార్డులు చాలానే వచ్చాయి, వాటికి ఏ డ్రైవర్ వేసినా 5 రాదు. రెండు బ్యాండ్ల యూఎస్‌బీ అడాప్టర్ పెట్టడం తేలిక దారి. లోపలి కార్డే మార్చాలంటే ఎం.2 2230 సైజు ఇంటెల్ ఏఎక్స్210 తీసుకోండి, కానీ కొనే ముందు మీ మోడల్‌కి అది పడుతుందో లేదో కనుక్కోండి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల బోర్డుల మీదే పనిచేస్తాయి, ధర తక్కువని వాటిని కొనకండి.

2.4 తప్పనిసరైతే ఛానల్ 1, 6, 11లలో ఒకటే పెట్టండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్లో ఖాళీగా ఉందని 3, 4 ఎంచుకుంటే అటూ ఇటూ ఇద్దరి గొడవా మీకే. 40 వెడల్పు పెడితే ఉన్న బ్యాండ్‌లో సగం పైగా మీరే ఆక్రమిస్తారు, పక్కింటి సిగ్నల్ తగిలిన ప్రతిసారీ ఆగుతారు. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ పెట్టి ఉంటే తీసి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. ఆ పోర్టు, ఆ కేబుల్ నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 మీదే పడుతుంది. చాలామంది దీన్ని అనుమానించరు. రూటర్ బీరువా వెనకో, టీవీ వెనకో, సజ్జ మీద సామాన్ల మధ్యో ఉంటే బయటికి తీసి ఛాతీ ఎత్తులో పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌కి ఇది ఇంకా ముఖ్యం, ఇనుప బీరువా ఒక్కటి చాలు దాన్ని ఆపడానికి.

లింక్ స్పీడ్ 433 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి కూడా నెట్ నెమ్మదిగా ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ కాలమ్ మీద నొక్కండి. ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కుతుండటం, విండోస్ అప్‌డేట్ దిగుతుండటం, ఆఫీసు వీపీఎన్, సాధారణంగా ఈ మూడింటిలోనే ఒకటి. ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, బ్యాటరీ మీద పడిపోతే పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌ని మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ఆప్షన్ కనిపించకపోవచ్చు.

ఇక చివరిది, హింజ్ (స్క్రీన్ కీలు) బాగు చేయించాకో, ఎస్ఎస్‌డీ మార్చాకో స్పీడ్ తగ్గినవాళ్లు చూడాల్సింది. రూటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒకటి రెండు గీతలే ఉంటే యాంటెన్నా తీగ ఊడిందని అనుమానించండి. పవర్ ఆపి, ఛార్జర్ తీసి, వెనక మూత తెరిస్తే వైఫై కార్డు మీదికి నలుపు, తెలుపు రంగుల సన్నటి తీగలు రెండు వస్తాయి. వాటి కొసన ఆవగింజ కన్నా కాస్త పెద్ద గుండ్రటి బొత్తాం ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పక్కకి జారి కార్డు మీది కొన వంగిపోతుంది. బొత్తాన్ని సరిగ్గా కొన మీద నిలిపి, వేలితో నిట్టనిలువుగా టక్కుమనే దాకా నొక్కండి. ఒకే తీగ ఊడితే వైఫై ఆగిపోదు, సిగ్నల్, లింక్ స్పీడ్ మాత్రం పడిపోతాయి. అందుకే ఈ లోపం నెలల తరబడి ఎవరి కంటా పడదు.