జిమ్ సంగతి తర్వాత, ముందు టిఫిన్ సంగతి చూడు

ఒరే చిన్నా,

జిమ్‌లో చేర్పించమని, ప్రొటీన్ డబ్బా కొనమని మీ అమ్మని తెగ వేధిస్తున్నావంట. ఇన్నేళ్లు పిల్లల్ని గ్రౌండులో పరిగెత్తించినవాణ్ణి కదా, నన్ను రాయమంది. జిమ్‌కి నేను అడ్డు చెప్పను. మధ్యాహ్నం రెండింటికి ఫిజిక్స్ క్లాసులో మెలకువగా ఉంటున్నావా, ఇంటికొచ్చాక చెల్లి మీద ఊరికే విసుక్కుంటున్నావా, అది చెప్పు ముందు. ఒంట్లో సత్తువ ఉందో లేదో తెలిసేది అక్కడే, అద్దంలో కాదు.

పొద్దున్న ఉత్త టీ తాగి కాలేజీ బస్సెక్కుతావు, పదకొండింటికి ఎగ్ పఫ్, కూల్‌డ్రింక్, దాంతో లంచ్ బాక్సులో సగం అన్నం అలాగే ఇంటికొస్తుంది, ఇక రాత్రి ఒంటిగంట దాకా ఫోను. ఇలా ఉంటే ఏ పౌడరూ ఏమీ చెయ్యలేదు. నీ వయసుకి ఎనిమిది గంటలకి తక్కువ కాకుండా నిద్ర ఉండాలి, ఫోను హాల్లో పెట్టి పడుకో.

పదహారేళ్ల కుర్రాడికి రోజుకి 55 గ్రాముల ప్రొటీన్ చాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి. రెండు గుడ్లు, పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశనగలు, వీలైనప్పుడు చేపలు తింటే ఇంట్లోనే సరిపోతుంది. వంజరమే కావాలని మొండికేయకు. నెత్తళ్లు కరకరలాడేలా వేయిస్తే ముల్లుతో సహా నమిలేయొచ్చు, కాల్షియం కూడా వస్తుంది. చోడి అంబలి, అదే రాగి జావ, అంటే మొహం తిప్పుతావు గానీ, 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, ఎముక గట్టిపడేది ఈ వయసులోనే. ఆదివారం మన వైజాగ్ బీచ్‌లో మరమరాల మూరీ మిక్స్‌చర్ తిను, ఎవరూ వద్దనరు.

ఇక కదలడం. రోజుకి గంట చాలు, అదీ ఒకేసారి అక్కర్లేదు. పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు కదా, అరగంట పరిగెత్తు, సాయంత్రం షటిల్ ఆడు, వారంలో మూడు రోజులు పుషప్స్, గుంజీళ్లు, లేదంటే కైలాసగిరి మెట్లు. మన ఊరి ఉక్కపోతకి చెమట ధారలు కడుతుంది, నీళ్ల సీసా మర్చిపోకు. సముద్రంలోకి మాత్రం దిగొద్దు, ఆర్కే బీచ్‌లో అల లోపలికి లాగేస్తుంది. పరీక్షలని ఇవన్నీ మానేస్తారు చాలామంది, అసలు టెన్షన్ తగ్గేదే దీనివల్ల అని ఎంత చెప్పినా వినరు.

చెల్లికి మెట్లెక్కితే ఆయాసమొస్తోందని మీ అమ్మ అంది. బద్ధకమని ఏడిపించకు, ఆ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువుండటం మామూలే. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమను. ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోమను, భోజనానికి, టీకి మధ్య గంటైనా తేడా ఉండాలి, లేకపోతే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు.

ఒక్క నెల ఇలా చేసి చూపించు, జిమ్ ఫీజు నేను కడతాను. డబ్బా మాత్రం కొనను.

మీ మావయ్య