వాంటేజ్ కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నీ మెసేజ్ చూశాను. 1994 ఆస్టన్ మార్టిన్ వాంటేజ్ అమ్మకానికి దొరికిందనీ, ఆదివారం వెళ్ళి అడ్వాన్స్ ఇచ్చేస్తాననీ రాశావు. కంగారుపడకు. చేజారితే చేజారనీ, ఇంకోటి వస్తుంది.

అది మామూలు బండి కాదని ఒప్పుకుంటాను. 5.3 లీటర్ల వీ8, దానికి గాలిని బలంగా లోపలికి తోసే రెండు సూపర్‌చార్జర్లు, 550 హార్స్‌పవర్, బరువేమో దాదాపు రెండు టన్నులు. 1992లో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో చూపించి, ఇంగ్లండ్‌లో మా మిల్టన్ కీన్స్ పక్కనే ఉన్న న్యూపోర్ట్ పాగ్నెల్‌లో చేత్తో తయారుచేశారు. అన్నీ కలిపినా మూడు వందల బండ్ల లోపే. నీకు తలనొప్పి తెచ్చేది ఆ చేతిపనే. అల్యూమినియం రేకుల్ని ఒక్కొక్కటిగా మనిషే వంచి అమర్చాడు కాబట్టి ఒక బండి ఫెండర్ ఇంకో బండికి అచ్చంగా కూర్చోదు. చిన్న దెబ్బ తగిలినా బిల్లు పెద్దదే.

మనవాళ్ళు పాత కారు చూడ్డానికి వెళ్తే పుట్టీ ఉందేమోనని జేబులో అయస్కాంతం వేసుకెళ్తారు. ఇక్కడ అది దండగ, అల్యూమినియానికి అంటుకోదు. పెయింట్ మందం కొలిచే మీటరు తీసుకెళ్ళు, అల్యూమినియం మీద పనిచేసేది చూసుకుని మరీ. లోపలి చట్రం స్టీలు. ఆ రెండు లోహాలూ ఆనుకున్నచోట తడి చేరితే పెయింట్ కింద తెల్లటి పొడి పుట్టి బుడగలు లేస్తాయి. డోరు అంచులు, చక్రాల పైన వంపులు వేలితో నెమ్మదిగా తడిమి చూడు. తర్వాత బండిని లిఫ్ట్ మీద ఎక్కించి సిల్స్, అంటే డోర్ల కింద ఉండే పట్టీలు, తుప్పు పట్టాయేమో చూడాలి. లిఫ్ట్ ఎందుకండీ అని అమ్మేవాడు అంటే వచ్చెయ్.

నువ్వు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. చల్లటి ఇంజినే నిజం చెబుతుంది. సూపర్‌చార్జర్ టర్బోలా పొగతో తిరగదు, ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. కాబట్టి సన్నటి ఈల వినిపిస్తే భయపడకు, అది దాని గొంతు. గరగరమన్నా, బెల్టు కీచుమన్నా అనుమానించు. ఇంజిన్ మీద దాన్ని బిగించిన మనిషి పేరుతో చిన్న పలక ఉంటుంది. ఫొటో తీసుకో, మురిసిపో, కానీ ఇంజిన్ నంబరు లాగ్‌బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, ఉన్నదేనా అన్నది కూడా అప్పుడే చూసేయ్.

ఎంఓటీ, అంటే ఏటా జరిగే బండి పరీక్ష, దాని చరిత్ర ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఏడాదికి వంద మైళ్ళు కూడా తిరగలేదని ఉంటే సంతోషించకు. నిలబెట్టిన బండికి సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. నన్నడిగితే, బాగా తిరిగి, తిరిగినంత కాలం బిల్లులు దాచిన బండికే ఓటు వేస్తాను. ఇది 600 హార్స్‌పవర్‌కు పెంచిన వీ600 అని చెప్పి ఎక్కువ అడిగితే, ఆ మార్పు ఫ్యాక్టరీ వాళ్ళే చేశారన్న కాగితం చూపించమను. కాగితం లేకపోతే మామూలు 550 హార్స్‌పవర్ బండి, అంటే వీ550, రేటే.

డబ్బు సంగతి. చేతిలో ఉన్నదంతా ధరకే పెట్టకు, కనీసం ఐదో వంతు మొదటి ఏడాది రిపేర్లకు పక్కన పెట్టు. ఇన్సూరెన్స్ ముందే ఒప్పుకున్న విలువకు తీసుకో, లేకపోతే క్లెయిమ్ రోజున కంపెనీ చెప్పిందే లెక్క. ఇథనాల్ ఎక్కువ కలిసే మామూలు ఈ10 పెట్రోలు పోయకు, అది తక్కువ ఉండే సూపర్ అన్‌లెడెడ్ ఈ5 పోయించు. నువ్వుండేది లండన్ హ్యారోలో. 2023 ఆగస్టు నుంచి అక్కడా యూలెజ్, అంటే పాత పొగబండ్లకు రుసుము వేసే జోన్, ఉంది కాబట్టి, రోడ్డెక్కిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు. ఊరికే పార్క్ చేసి ఉంటే కట్టక్కర్లేదు, కానీ ఊరికే ఉంచడం గురించి పైన చెప్పాను కదా! రిటైరయ్యాక గుంటూరు తీసుకెళ్తానన్న ముచ్చట మాత్రం మర్చిపో. ఈ వయసు కారును ఇండియాలోకి మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు, చేసుకోనిచ్చినా మన స్పీడ్ బ్రేకర్ల మీద దాని పొట్ట మిగలదు.

రిజిస్ట్రేషన్ నంబరు ఈ రాత్రికే పంపు, ఎంఓటీ చరిత్ర నేనూ చూస్తాను. ఆదివారం నాతో పాటు మీటరు తెస్తాను, నువ్వు చెక్‌బుక్ ఇంట్లో పెట్టి రా. మీ అత్త కూడా వస్తానంటోంది గానీ, వెనక సీట్లో పిల్లలే కష్టంగా కూర్చుంటారని చెప్పాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య