కాలర్ బోన్ విరిగితే ఆపరేషనా, బెల్టా? ముందు ఆ తిమ్మిరి సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. మా తమ్ముడికి 34 ఏళ్లు, మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. 9 రోజుల క్రితం బండి మీంచి పడి ఎడమ కాలర్ బోన్ విరిగింది. ఒక డాక్టరు ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నారు, ఇంకో పెద్ద డాక్టరు భుజాలు వెనక్కి లాగి కట్టే బెల్టు చాలు, అదే అతుక్కుంటుంది అన్నారు. బీపీ మాత్ర వాడతాడు. నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ రోజుకి మూడు వేసుకుంటున్నాడు. రెండు రోజుల నుంచి చెయ్యి బరువుగా ఉంది, చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది. ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా? పనికి ఎప్పుడు వెళ్లొచ్చు? కాళ్ల సూపు తాగిస్తే త్వరగా అతుకుతుందా?

జవాబు: అమ్మా, మీరు ఆపరేషన్ గురించి అడిగారు గానీ నాకు కంగారు పుట్టించింది ఆ తిమ్మిరి. చేతికి వెళ్లే నరాలు, పెద్ద రక్తనాళాలు కాలర్ బోన్ కిందనుంచే పోతాయి, విరిగిన ముక్క వాటికి తగులుతుండొచ్చు, లేదా బెల్టు చంకలో బిగిసిపోయి ఉండొచ్చు, ఏదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. ఇవాళే చూపించండి. ఈలోపు బెల్టు కాస్త వదులు చేయండి, మామూలు స్లింగ్‌లో (మెడకి తగిలించుకునే చేతి పట్టీలో) చెయ్యి పెట్టుకున్నా సరిపోతుంది. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, చెయ్యి వాచినా, ఆయాసం వచ్చినా, ఎముక పైన చర్మం సాగిపోయి తెల్లగా కనిపించినా ఓపీ టైమ్ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

రెండోది ఆ డైక్లోఫెనాక్. బీపీ ఉన్న మనిషి డాక్టరు రాయకుండా రోజుకి మూడు, అదీ తొమ్మిది రోజులు! బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద పడుతుంది, కడుపులో పుండ్లు పడి రక్తం కూడా పోవచ్చు. దాన్ని ఆపి పారాసెటమాల్ వేసుకోవచ్చు, కానీ లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉంటే అదీ అడిగే వేసుకోవాలి. బీపీ చూపించి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త టెస్ట్ చేయించండి. నొప్పి తగ్గింది కదా అని ఇలా మాత్రలతో రోజులు గడిపేసి మూడో వారంలో వచ్చేవాళ్లని చాలామందిని చూస్తాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి.

ఇక ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకన్నారంటే ఇద్దరి మాటకీ ఆధారం ఉంది. 1960లో అమెరికాలో నీర్ అనే సర్జన్ రెండు వేలకు పైగా కేసులు చూసి ఆపరేషన్ లేకుండా అతకనివి మూడే అని రాశారు, దాంతో బెల్టు చాలు అన్న మాట అలా నిలబడిపోయింది. తర్వాత 2007లో కెనడా డాక్టర్లు ముక్కలు పూర్తిగా పక్కకి జరిగిపోయిన పెద్దవాళ్లని మాత్రమే తీసుకుని పోల్చారు, ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి, స్లింగ్‌తో ఉన్న 49 మందిలో ఏడుగురికి ఎముక అతకలేదు. అలాగని ప్లేటు ఊరికే రాదు, ఇన్ఫెక్షన్ రావచ్చు, కోత కింద చర్మం మొద్దుబారొచ్చు, ప్లేటు పొడుచుకుని తర్వాత తీయించాల్సి రావచ్చు. భుజం మీద బస్తా పెట్టే మనిషికి ఇది చిన్న విషయం కాదు, ఆపరేషన్‌కి ముందే సర్జన్‌కి ఆయన పనేంటో చెప్పండి.

ముక్కలు పెద్దగా జరగకపోతే స్లింగే మంచిది. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎముక 2 సెంటీమీటర్ల కన్నా పొట్టైనా, నుజ్జయినా, భుజం కొస వైపు విరిగి జరిగినా ప్లేటు గురించి ఆలోచిస్తాం. ఎముక చర్మం చీల్చుకొచ్చినా, నరం నిజంగా నలుగుతున్నా లెక్క మారిపోతుంది. ఎక్స్‌రే చూడకుండా ఇంతకన్నా చెప్పడం తప్పు. కానీ ఒకటి, ఆపరేషన్ అయితే రెండు మూడు వారాల్లోపు తేలిక, తర్వాత వంకరగా అతుక్కోవడం మొదలైన ఎముకని విడదీసి సరిచేయాలి, అందుకే వాయిదా వద్దు.

సూపు తాగించండి, తప్పులేదు, కానీ దానివల్ల ఎముక త్వరగా అతకదు. బీడీ, సిగరెట్ ఉంటే మాత్రం మాన్పించండి, అవి అతకనివ్వవు. ఏ పద్ధతైనా బరువులకి సుమారు మూడు నెలలు, అదీ ఎక్స్‌రేలో అతికిందని డాక్టరు చెప్పాకే. ఖర్చు భయంతో ఆగుతుంటే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) ఆర్థో ఓపీకి పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మాత్రల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి, ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రని అడగండి.