శాంటోరిని లేదట, ఇప్పుడేం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: అనుకున్న రేవుకి ఓడ వెళ్లలేదని, లేదా వెళ్లబోవడం లేదని. క్రూజ్ ఓడల్లో టూర్ల డెస్క్ వెనక కూర్చుని ఉద్యోగం చేసినదాన్ని. రద్దయిన టూరు టిక్కెట్లు పట్టుకుని వచ్చేవాళ్ల వరస ఎంత పొడుగుంటుందో తెలుసు. ఉత్తరాల్లోంచి కొన్నిటికి జవాబులు ఇవి.

సెప్టెంబరులో ఏడు రాత్రుల గ్రీసు క్రూజ్ బుక్ చేశాం. ఏథెన్స్ దగ్గరి రేవు పిరియస్‌లో ఎక్కి, మైకొనోస్, కుషదాసి, శాంటోరిని చూసి మళ్లీ పిరియస్‌లో దిగాలి. శాంటోరిని కోసమే ఈ ఓడ ఎంచుకున్నాం. ఇప్పుడు మెయిల్ వచ్చింది, శాంటోరిని తీసేసి ఇంకో గ్రీకు దీవి పెట్టారట, ఎందుకో రాయలేదు. కుషదాసి రోజు కూడా మారింది. డబ్బు కట్టేదాకా ఓడమల్లయ్య, కట్టాక బోడిమల్లయ్య! పరిహారం అడగొచ్చా? – ఓ పాఠకురాలు

అడగండి, తప్పేం లేదు. కాకపోతే ముందు టిక్కెట్టు షరతులు బయటికి తీయండి. వాతావరణం, భద్రత, రేవులో చోటు దొరక్కపోవడం, ఇంజను ఇబ్బంది, ఇలా ఏ కారణం మీదైనా రేవును మార్చవచ్చు, వదిలేయవచ్చు, వరస తారుమారు చేయవచ్చు, అందుకు పరిహారం ఇవ్వనక్కర్లేదు అని దాదాపు ప్రతి క్రూజ్ కంపెనీ రాసుకుంటుంది. మనం చదవకుండా ఒప్పుకుంటాం.

అయినా ప్రయాణం మొదలవక ముందే కంపెనీ చేసిన మార్పుకీ, నడిసముద్రంలో కెప్టెన్ చేసిన మార్పుకీ తేడా ఉంది. మీరు యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీగా కొని ఉంటే 2015 నాటి ప్యాకేజీ ప్రయాణాల ఆదేశం పనికొస్తుంది. ప్రయాణంలోని ముఖ్యాంశాన్ని ముందే బాగా మార్చేస్తే, రద్దు రుసుము లేకుండా తప్పుకునే హక్కు అది ఇస్తుంది. ఒక దీవికి బదులు ఇంకో దీవి పెట్టడం అంత పెద్ద మార్పేనా అని వాళ్లు వాదిస్తారు, శాంటోరిని బొమ్మే ప్రకటన మీద వేసి అమ్మారు కదా అని మీరు వాదించాలి. వేరే చోట కొని ఉంటే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో షరతుల్లో రాసి ఉంటుంది, చూడండి. వచ్చిన మెయిల్లో జవాబుకి గడువు ఇచ్చారేమో కూడా చూడండి. గడువు దాటితే ఒప్పుకున్నట్టే లెక్క కట్టొచ్చు.

వదిలేసిన రేవుకి కట్టిన పోర్టు రుసుములు మామూలుగా ఓడలోని మీ ఖాతాకి తిరిగి జమ చేస్తారు. అది చిన్న మొత్తమే, పెద్దగా ఆశపడకండి. ఓడవాళ్ల దగ్గర కొన్న టూరు డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. బయట కొన్న టూరు సంగతి వేరు. "ఓడ రాకపోతే డబ్బు వాపసు" అనే మాట చాలామంది ఇస్తారు గాని, అది ఆ రోజు ఓడ రేవుకి చేరలేకపోతే వర్తించే మాట. మీకు ముందే తెలిసింది కాబట్టి మామూలు రద్దు గడువులే లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకే ఆ పని ఇవాళే చేయండి, కంపెనీతో పోట్లాట రేపు పెట్టుకోవచ్చు. ఇక ఇన్సూరెన్స్. తప్పిన రేవుకి ఇంత అని ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నాయి. అయితే మార్పు సంగతి తెలిశాక కొన్న పాలసీ ఆ మార్పుకి డబ్బివ్వదు.

శాంటోరిని ఎందుకు పోయిందో మెయిల్లో రాయలేదన్నారు. మీ ఓడ సంగతి నేను చెప్పలేను గాని, ఆ దీవికి రోజుకి 8,000 మంది క్రూజ్ ప్రయాణికులే రావాలని 2025లో పరిమితి పెట్టారు. ఇలాంటి పరిమితులున్న చోట ఓడలు తేదీల కోసం పోటీ పడతాయి, కొన్ని ఓడిపోతాయి. వెనిస్‌లోనూ ఇలాగే అయింది. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడల్ని జుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. అందుకే వెనిస్ పేరుతో అమ్ముడయ్యే క్రూజ్‌లలో కొన్ని రవెన్నాలోనో ట్రియెస్ట్‌లోనో మొదలవుతాయి.

కుషదాసి రోజు మారడాన్ని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు మాత్రం అదే ఎక్కువ ముఖ్యం అనిపించింది. ఆ ఊరు తుర్కియేది, షెంజెన్ (ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) బయట. అక్కడికెళ్లి మళ్లీ గ్రీసులోకి వస్తే అది రెండో ప్రవేశం. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన షెంజెన్ వీసా అయితే ఇబ్బందే. కొత్త వరస చేతిలో పెట్టుకుని వీసాలు ఇంకోసారి చూసుకోండి. రోజు మారితే సెలవులు కూడా మారతాయి, ఇది మిగతా పాఠకులకి కూడా చెబుతున్నాను. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు మూసేస్తారు. ఫ్లోరెన్స్‌లో ఉఫీత్సీ మ్యూజియానికి సోమవారం సెలవు. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపి ప్యాలెస్, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం తెరవరు. రేవు ఉంది, ఓడ ఉంది, ఎండ కూడా చక్కగా ఉంది, కాని తలుపు మూసి ఉంది. ఇలాంటి మొహాలు నేను చాలా చూశాను.

మా అమ్మానాన్నలతో వెళ్లాం. పొద్దున్నే కెప్టెన్ "టెండర్లు నడపలేం, ఇక్కడ ఆగడం లేదు" అన్నాడు. బాల్కనీలోంచి చూస్తే సముద్రం అద్దంలా ఉంది. ఇంధనం మిగుల్చుకోడానికి కాదు కదా? – ఒక పాఠకుడు

ఇంధనం అనుమానం అందరికీ వస్తుంది. నేను నమ్మను, ఎందుకో చెబుతాను.

టెండరు రేవంటే, ఓడ గట్టుకి కట్టకుండా దూరంగా నిలబడి, చిన్న పడవల్లో మనుషుల్ని దింపే చోటు. చాలా ఓడల్లో ఆ పడవలు పక్కన వేలాడే లైఫ్‌బోట్లే. శాంటోరినిలో అయితే స్థానికుల పడవలు వచ్చి తీసుకెళ్తాయి. అక్కడ అగ్నిపర్వత బిలంలో నీళ్లు చాలా లోతు, లంగరు వేయడమూ కష్టమే. బాల్కనీ నీటికి చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి పొడుగాటి, మెల్లని అలల ఉబ్బు మీకు కనబడదు. కింద నీటిమట్టంలో ఉన్న తలుపు దగ్గర నిలబడితే అదే ఉబ్బుకి ఓడ ఒక లయలో, పడవ ఇంకో లయలో లేచి పడుతుంటాయి. మధ్యలో ఉన్న సందు ఒక క్షణం మెట్టంత, మరుక్షణం గజమంత. మీ అమ్మగారు కాలు పెట్టాల్సింది ఆ సందు దాటే.

పైగా కెప్టెన్ చూసేది పొద్దున్న సముద్రాన్ని ఒక్కటే అనుకోకండి. రెండువేల మందిని దింపాక సాయంత్రం గాలి లేస్తే వాళ్లని వెనక్కి తేవాలి. ఏజియన్ సముద్రంలో జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండగానే లేస్తుంది. మైకొనోస్‌ని ఎక్కువగా పోగొట్టేది అదే. గట్టుకి కట్టే రేవుల్లోనూ గాలి బెడద ఉంది. మూడువందల మీటర్ల పొడుగు, ఇరవై అంతస్తుల ఎత్తు ఉన్న ఓడ పక్కభాగం తెరచాపతో సమానం. గాలి గట్టిగా తోస్తుంటే ఇరుకు రేవులో తిప్పడం మాటలు కాదు.

అందుకని బుక్ చేసేముందు ఏయే రేవులు టెండరువో చూసుకోండి. పట్టికలో లంగరు గుర్తో, "టెండరు" అన్న మాటో ఉంటుంది. వరసగా రెండు మూడు అలాంటివే ఉంటే, ఒకటి పోవచ్చని ముందే మనసుకి చెప్పుకోండి. ఒక్క చోటు కోసమే సముద్రం దాటి వెళ్లేటట్లయితే క్రూజ్ వద్దు, విమానంలో వెళ్లి ఆ ఊళ్లో రెండు రాత్రులు ఉండండి. క్రూజ్ డెస్క్‌లో పనిచేసిన మనిషి ఈ మాట చెప్పకూడదేమో, అయినా అదే నిజం.

చివితావెక్కియాలో ఓడ పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా ఉంటుంది. రైల్లో రోమ్ వెళ్లి కొలోసియం, వాటికన్, ట్రెవి ఫౌంటెన్, స్పానిష్ మెట్లు చూడాలని ప్లాన్. పన్నెండు గంటలు సరిపోతాయా? – కొత్త దంపతులు

మీకు పన్నెండు గంటలు లేవు. ఏడుకి ఓడ కట్టాక అధికారుల అనుమతి వచ్చి నిచ్చెన దింపేసరికి కొంత పోతుంది. అటు చివర, అందరూ ఎక్కాల్సిన సమయం బయలుదేరడానికి అరగంటో గంటో ముందే ఉంటుంది. లెక్క ఆ చివరినుంచి వెనక్కి కట్టండి. ఆరున్నరకి ఎక్కాలి అనుకుంటే ఐదుకల్లా రేవు దగ్గర ఉండాలి. రేవు గేటు నుంచి స్టేషన్‌కి బస్సు, స్టేషన్ నుంచి రోమ్‌కి మామూలు రైల్లో గంట అటూ ఇటూ. అంటే మూడు, మూడుంపావుకి రోమ్‌లో రైలెక్కాలి. ఒక రైలు తప్పినా ఇంకోటి ఉండేట్టు చూసుకోవాలి కదా. మిగిలింది ఆరు గంటల లోపు. మీ పట్టికలో భోజనం రాయలేదని కూడా గమనించాను.

వాటికన్ గాని, కొలోసియం గాని, ఒక్కటి తీసుకోండి. నేనైతే వాటికన్ అంటాను. చివితావెక్కియా రైళ్లు చాలావరకు శాన్ పియెత్రో స్టేషన్లో ఆగుతాయి, అక్కడినుంచి సెయింట్ పీటర్స్ బసిలికా చర్చికి నడిచిపోవచ్చు. మ్యూజియం టిక్కెట్టు సమయంతో సహా ముందే కొనుక్కోండి, మరీ పొద్దుటిది వద్దు, ఓడ గంట ఆలస్యమైతే డబ్బు పోతుంది. ట్రెవి ఫౌంటెన్ ఇంకో ప్రయాణానికి ఉంచండి. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు, వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి చూడండి.

సొంతంగానా, ఓడవాళ్ల టూరా అని అడిగేవాళ్లకి నా కొలత దూరం. రేవు నుంచి చూసే చోటు దగ్గరైతే సొంతంగా వెళ్లండి. పిరియస్ నుంచి ఏథెన్స్‌కి మెట్రో ఉంది, కుషదాసిలో దిగితే ఊళ్లోనే ఉన్నట్టు. ల హావ్ర్ నుంచి పారిస్, వార్నెముండే నుంచి బెర్లిన్ లాంటి రెండువందల కిలోమీటర్ల దూరాలకి ఓడవాళ్ల బస్సే మేలు. ఖరీదు ఎక్కువే, కాని ఆ బస్సు దారిలో ఇరుక్కుంటే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకి చేర్చే పూచీ వాళ్లది. మీ అద్దె కారు కోసం ఓడ ఆగదు.

సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడ చివర్లో కెనడాలోని విక్టోరియాలో సాయంత్రం పూట కొద్ది గంటలే ఆగుతుంది. అది తీసేసి అలాస్కాలోని జూనోలో ఎక్కువసేపు ఉంచొచ్చుగా? – ఒక పాఠకురాలు

ఉంచలేరు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, ఎక్కడా విదేశీ రేవు తాకకుండా వాళ్లని అమెరికాలోనే దింపకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. ఆ తతంగం తీర్చేది విక్టోరియా. వాతావరణం బాగోక ఏదైనా వదలాల్సి వస్తే ముందు వదిలేది మిగతావాటిలో ఒకదాన్నే. అందుకని ఆ సాయంత్రానికి ఏదో ఒకటి ఆలోచించి పెట్టుకోండి, అది తప్పే అవకాశం తక్కువ.

ఫోను టైము చూసుకుని తిరిగొస్తే కోజుమెల్‌లో ఓడ దాదాపు వెళ్లిపోయేదే! నిజంగా వెళ్లిపోతే ఏమవుతుంది? – ఓ విద్యార్థి

మీ ఫోను తప్పు చెప్పలేదు, అక్కడి టవరు టైము చెప్పింది. కోజుమెల్ ఉన్న మెక్సికో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే సమయం పాటిస్తుంది. మీ ఓడ అమెరికాలోని మయామి నుంచి వచ్చిందైతే, అక్కడ వేసవికి గడియారం ముందుకి జరుపుతారు. దాంతో వేసవిలో కోజుమెల్ గంట వెనక ఉంటుంది. మయామి ఓడ తన సమయం మార్చుకోకపోతే, మీ ఫోనులో నాలుగైనప్పుడు ఓడలో ఐదు. ఓడ దిగేముందు ఫోనులో ఆటోమేటిక్ టైము ఆపేయండి, లేదా మామూలు చేతిగడియారం పెట్టుకోండి.

వెళ్లిపోతే ఓడ వెనక్కి రాదు. చాలా ఓడల్లో సిబ్బంది మీ గది తెరిచి, లాకర్లో పాస్‌పోర్టు దొరికితే రేవులోని ఏజెంటుకి ఇచ్చి వెళ్తారు. మీరు ముందు చేయాల్సింది ఆ ఏజెంటుని పట్టుకోవడం. తర్వాతి రేవుకి టిక్కెట్టు, రాత్రి బస, కావాల్సొస్తే వీసా, అన్నీ మీ ఖర్చే. కొన్నిసార్లు తర్వాతి రేవులో ఎక్కడానికి చట్టం ఒప్పుకోదు, నేరుగా ఇంటికే పోవాల్సి వస్తుంది. ఏజెంటు నంబరు ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమాల కాగితం మీద అచ్చు వేస్తారు, చిన్న అక్షరాల్లో. ఆ కాగితమే మడిచి జేబులో పెట్టుకెళ్లండి. ఫొటో తీసుకుంటే చాలనుకోకండి, మధ్యాహ్నం దాకా వీడియోలు తీసిన ఫోనులో సాయంత్రానికి చార్జింగు ఉండదు.