నల్లటి గ్రహం కనిపించింది ఎలా? – సమాధానం

హనుమకొండ సైన్స్ ప్రదర్శన కోసం మీ అబ్బాయి ట్రెస్-2బి (సూర్యుడు కాక వేరే నక్షత్రం చుట్టూ తిరిగే నల్లటి గ్రహం) నమూనా చేస్తున్నాడని, దానికి రామప్ప గుడి నల్లరాతి స్తంభంలా మెరిసే రంగు వేశాడని రాశారు. అక్కడే పొరపాటు జరిగింది. ఆ స్తంభాలు నల్లనివే, కానీ నునుపు వల్ల వెలుగును తిప్పి పంపుతాయి. ఈ గ్రహం తన మీద పడిన వెలుగులో ఒక్క శాతం కూడా వెనక్కి పంపదు. సింగరేణి బొగ్గు కూడా దీని ముందు తెల్లబోవాల్సిందే! దీపపు మసిని బంకలో కలిపి పూయండి. థర్మాకోల్ బంతిని మాత్రం దీపం మీద పట్టనివ్వకండి, కరిగిపోతుంది.

ఇక "నల్లగా ఉంటే ఎలా కనిపెట్టారు?" అన్న ప్రశ్న. గ్రహాన్ని చూడలేదు, అది ఎవరి చుట్టూ తిరుగుతుందో ఆ నక్షత్రాన్ని చూశారు. సుమారు 750 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ నక్షత్రం ముందు నుంచి అది రెండున్నర రోజులకోసారి దాటుతుంది. అప్పుడు నక్షత్రపు వెలుగు కొద్దిగా తగ్గుతుంది. 2006లో అలా దొరికింది. అది ఎంత నల్లనిదో 2011లో కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు కొలతలతో తేలింది.

ఇక ఇంత నలుపు ఎందుకంటారా? గురుగ్రహానికి వెలుగును తిప్పి పంపే తెల్లటి అమ్మోనియా మేఘాలున్నాయి. ట్రెస్-2బికి మాత్రం దాని నక్షత్రం 50 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో అలాంటి మేఘాలు నిలవవు. సోడియం, పొటాషియం ఆవిరులు వెలుగును మింగుతూ ఉండవచ్చంటారు, పూర్తి కారణం ఇంకా తేలలేదు. ఆ వేడికి నిప్పుకణికలా మసకగా ఎర్రబారి ఉంటుంది కనుక, మసి మీద అక్కడక్కడ ఎర్రరంగు పలచగా అద్దించండి.